ఎదుటోడి ముడి

సిరొంచ రేవుకు సినిమావోళ్లు అచ్చిననాడు
నా పడవ ఒడ్డున బోర్లవడి ఉన్నది.
వంతెన పడ్డంక దానికి నీళ్ల పని లేదు,
మేకలు దాని నీడల పంటయి.
"నువ్వేనట గదా పీనుగుల తీసేటోడివి" అన్నరు.
రోజుకు పదిహేను వందలు, పగటి బువ్వ.

కథ జెప్పిండు డైరెక్టరు, బక్కపిలగాడు.
నీళ్లల్ల ఒక ఆఫీసరు దొరుకుతడట,
సచ్చిండా సంపిండ్రా ఆఖరిదాక తెల్వదట,
చూసేటోళ్లకు తమ మీదనే అనుమానం రావాలెనట.
"నీకు మాటలు లేవు ఓదెలన్నా,
ఆనాడెట్ల తీసినవో గట్లనే తియ్యి."

ఏనాడు?
ప్రాణహిత నాకు పదిహేడు పీనుగులనిచ్చింది.
ఇటు తేలితె మనది, అటు తేలితె తెలంగాణది.
గడెతోని అటు నెట్టుమన్న జమాదార్లున్నరు.

రబ్బరు మనిషి. లోపట ఇసుక నింపిండ్రు.
మొగానికి మైనం, చేతికి గడియారం,
కాళ్లకు నల్ల బూట్లు.
బూట్లు చూసిన.
నడుము కాడ నీళ్లు సల్లగయినయి.

మొదటిసారి జుట్టువట్టి గుంజిన.
రెండోసారి మబ్బు అడ్డమొచ్చిందన్నరు.
మూడోసారి, నాకు తెల్వకుంటనే,
నా చెయ్యి ఎడమకాలి లేసు మీదికి పోయింది.
కట్ అన్నడు.
"బూటెందుకు ముట్టినవు?"
నాచు తట్టుకున్నదన్న. అబద్ధం.
పిలగాడు సిన్న టీవీల మళ్లమళ్ల జూసి
"బాగున్నదే, ఉంచుదాం, జర దగ్గర్నుంచి తీద్దాం" అన్నడు.
తొమ్మిదిసార్లు తీసిండ్రు.
తొమ్మిదిసార్లు ఉరాడే సాహెబు కాళ్లు వట్టుకున్న.

పదకొండేండ్ల కింద. భూములు కొలిచే సాహెబు.
తుంగల తట్టుకొని దొరికిండు, ఒక్క రాత్రే నానిండు.
ఒడ్డు మీద పోలీసు పాటిల్ ఒక్కడే,
అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నడు.
తోలు బూట్లు, కొత్తయి.
మా పిలగాడు ఏడోది సదువుతుండె,
వాని కాళ్లు రేపోమాపో గంతయితయి.
కుడిది విప్పిన.
విప్పినంక సోయొచ్చింది.

నేను వలలల్లెటోన్ని. ముడి జూస్తె దాని ఎనుక చెయ్యి కనవడ్తది.
ఎవలి లేసు వాళ్లు కట్టుకుంటె ఒక తీరు,
ఎదురుంగ కూసొని ఇంకొకలు కడితె ఇంకో తీరు.
ఇది ఎదుటోడి ముడి.
నిమ్మళంగ, తొందర లేకుంట, రెండు మెలికలు.
ఎడమది విప్పబుద్ధి కాలే.
ముడి ముడిగనే కాలు నుంచి గుంజిన.

పంచనామ మరాఠీల రాసిండ్రు.
నాకు ఆ మాట అస్తది, రాత రాదు.
చదివి వినిపించిండ్రు: పాయ అనవాణి.
ఒట్టి కాళ్లు.
అవునన్న. ఏలిముద్ర ఏసిన.

మా పిలగాడు ఆ బూట్లు ఎన్నడు తొడుగలే.
అటక మీద మూటేందని
వాడు అడగలే, నేను జెప్పలే.

సినిమా ఆడింది. మా మరదలు ఫోనుల చూపెట్టింది.
అందుల సంపినోడు దొరికిండు,
ఇస్త్రీ చొక్కా నలగకుంట ఏడ్సి అంత ఒప్పుకున్నడు.
నా మొగం రాలే. చేతులే వచ్చినయి,
ఫోనంత పెద్దగ, లేసును ఎతుక్కుంట.

మొన్న అహేరి బస్సు దిగి ఒకామె అచ్చింది.
వనమాలబాయి. నెత్తి నెరిసింది, చేతుల బట్టల దుకాణం సంచి.
నీళ్లియ్యమన్నది. తాగి, గిలాస బోర్లించి, అన్నది:
"దాదా, ఒట్టి కాళ్లని రాసిండ్రు గదా.
మరి నీ చేతులు దేన్ని దేవులాడుతున్నయి?"

నిచ్చెన ఏసి మూట దించిన.
కుడిది పక్కకు పెట్టి ఎడమది ఆమె ముంగట పెట్టిన.
తోలు పెచ్చులు లేసింది, ఎలుకలు మడిమె కొరికినయి,
ముడి మాత్రం గట్లనే ఉన్నది.

ఆమె ముట్టలే. వంగి జూసింది.
"ఆయనకు నడుము నొప్పి, వంగరాకపోయేది" అన్నది,
"లేసులు రోజు పొద్దుగాల నేనే కడ్తుంటి."

నేను ఊపిరి వట్టుకున్న, నీళ్లల్ల మునిగినప్పటి తీరు.
ఆమె ఏలు గాలిలనే ఆడిచ్చుకుంట
మెలికలు లెక్కవెట్టింది. ఒకటి. రెండు.
మళ్ల మొదటికి అచ్చింది.